టెంకాయ లేని పాయింటు

మూడో పూట కూడా ఏసన్న సంగటి తట్ట వెనక్కి తోసేశాడు.

“తినకపోతే పో. బతిమాలేది నా వల్ల కాదు,” అంది విశ్వాసమ్మ. అంటూనే తట్టను తీసుకుపోకుండా అక్కడే మూతపెట్టి ఉంచింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె కోపానికి ఎప్పుడూ ఇంతకంటే పదును లేదు.

ప్రేమజ్యోతి గడపలో నిలబడి ఇదంతా చూసింది. ఎర్రగుంట్లలో బస్సు దిగి, ఆటో పట్టుకొని, ఊరి మలుపు నుంచి ఎండలో నడిచి వచ్చింది. భుజాన ల్యాప్‌టాప్ సంచి ఇంకా దించలేదు. కడపలో పాలిటెక్నిక్ కాలేజీలో క్లాసు చెబుతుండగా తల్లి ఫోన్ చేసి రెండే ముక్కలు అంది: “మీ నాయన నిన్నటి సంది అన్నం ముట్టలే. అంతా నీ ఆట పుణ్యమే. వచ్చి చూసుకో.”

“నాయనా,” అని పిలిచింది.

ఏసన్న మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడిలా ఉన్నాడు.

“వచ్చినావా? చూసిపో. ఊరంతా వచ్చి చూసిపోతాండారు. నువ్వొకదానివి తక్కువ.”

“ఏం జరిగిందో నువ్వు చెప్పు నాయనా. వింటా.”

“నేను చెప్పేదేముండాది? ఆ రెడ్డి కూతుర్ని అడుగు. నీ శిష్యురాలే గదా! నా నోట్లో మన్ను ఎట్ల కొట్టల్లో బాగా నేర్పిచ్చినావు.”

ప్రేమజ్యోతి సంచి దించి గోడకు ఆనించింది. తల్లివైపు చూసింది. తల్లి పొయ్యి వైపు చూసింది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఎవరికి బోరు వేయాలన్నా ముందు ఏసన్న రావాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకొని ఆయన చేనంతా నడుస్తాడు. ఎక్కడో ఒకచోట ఆ టెంకాయ నిటారుగా లేచి నిలబడుతుంది. అక్కడ మడమతో నేలను తన్ని గుర్తు పెడతాడు. అదే పాయింటు. బోరు బండి వాళ్లు మారుమాట లేకుండా ఆ గుర్తు మీదే బండి నిలుపుతారు. పదింటికి ఎనిమిది బోర్లలో నీళ్లు పడతాయి. రాళ్లు కొట్టుకొని బతికిన మనిషిని పెద్ద పెద్ద రైతులు స్కూటరు మీద వచ్చి పిలుచుకుపోతారంటే, ఆ టెంకాయ చలవే.

అలాంటి ఏసన్న శుక్రవారం పొద్దున శ్రీనివాసులు రెడ్డి చేన్లో మడమ గుర్తు పెట్టగానే, రెడ్డి కూతురు శిల్ప నోటుబుక్కు తెరిచి, “ఈడే ఎందుకు తాతా?” అని అడిగింది. సివిల్ డిప్లొమా రెండో ఏడు చదివే పిల్ల. ప్రేమజ్యోతి క్లాసులోనే, ఆమె పాఠం కోసం తయారుచేసిన కంప్యూటరు ఆట ఆడి పని నేర్చుకుంటోంది. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఏసన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. గెనిమ గట్టు మీదున్న వాళ్లెవరో కిసుక్కున నవ్వారు. “ఆటలో పెద్దసారు కారణం లేని పాయింటు ఒప్పుకోడు తాతా,” అని శిల్ప ఇంకోమాట అంది. శ్రీనివాసులు చేతులు కట్టుకొని, “సరే ఏసన్నా, సోమవారం బండి వస్తాది. ఆలోగా మా పాపకు కారణం చెప్పు. చెప్పలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటా,” అన్నాడు. మధ్యాహ్నానికి మాట ఊరు దాటింది. కూతురు చేసిన ఆట తండ్రి నోరు మూయించిందంట!

“శిల్ప నాకు ఫోన్ చేసింది నాయనా,” అంది ప్రేమజ్యోతి. “ఏడ్చింది. తాతను చిన్నబుచ్చాలని అడగలేదు మేడం, ఆటలో పెద్దసారు మమ్మల్ని అడిగినట్టే అడిగినా, అంది.”

“పెద్దసారంట!” ఏసన్న చివ్వున ఇటు తిరిగాడు. “ఎవురప్పా ఆ పెద్దసారు? ఆయప్ప ఎన్ని బోర్లు చూసినాడు? ఎన్ని చేన్లు తిరిగినాడు? కాళ్లల్లో ముండ్లు ఎన్ని గుచ్చుకున్యాయి?”

ప్రేమజ్యోతికి నవ్వొచ్చింది. పెదవి బిగపట్టి ఆపుకుంది.

“నవ్వుతావా? నువ్వూ నవ్వు.”

“దేవుడిచ్చిన వరాన్ని యాల అని అడుగుతారా ఎవురన్నా?” విశ్వాసమ్మ అందుకుంది. “ఏసు గుడి పెద్దలు టెంకాయ పట్టుకునేది మనకు తగదంటే, దేవుడు ఏ చేతిలో ఏం పెడతాడో మనకేం తెలుసయ్యా అని నలుగుర్లో నిలబడి వాదించినదాన్ని నేను. మీ నాయన చేన్లో నడిచినంతసేపూ నేనీడ మోకాళ్ల మీద ఉంటా. నీకు తెలీదా?”

“తెలుసు మా.”

“తెలిసీ ఇట్లాంటి ఆట చేస్తివా?”

బయట సిమెంటు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. గోడమీద గడియారం టిక్కుటిక్కుమంటూ తన పని తాను చేసుకుపోయింది.

“తీయి,” అన్నాడు ఏసన్న హఠాత్తుగా.

“ఏంది నాయనా?”

“ఆ ఆట యాడుండాదో తీయి. ఆ పెద్దసారెవురో నేనూ చూడల్ల.”

ప్రేమజ్యోతి మంచం మీద తండ్రి పక్కన కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచింది. తెరమీద ఒక మెట్ట ఊరు కనిపించింది. గుట్ట, చేన్లు, రెండు పాత బావులు, ఒక రాతి గని. ఆడేవాడు భూగర్భజలాల ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగి. ఉరుకుందు అనే రైతు ఆఫీసుకు వచ్చి, “సారూ, నా చేన్లో పాయింటు చూపించండి. ఇంతకుముందు వేసినవి రెండూ ఎండిపోయినాయి,” అంటాడు. ఇక ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో, ఏం చూడాలో అంతా ఆడేవాడి ఇష్టం.

ఏసన్న కళ్లజోడు సవరించుకొని, చూపుడువేలితో నేరుగా చేను నడిమధ్యన పొడిచాడు.

తెరమీద ఒక పెద్దాయన బొమ్మ వచ్చింది. కింద అక్షరాలు పడ్డాయి. బైబిలు చదివే అలవాటున్న ఏసన్న వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు: “నిలబడు నాయనా. పోయిన కరువులో ఈ ఊర్లో ఏ బాయి ఆఖరున ఎండింది? అది తెలుసుకోకుండా చేన్లో కాలు పెట్టొద్దు.”

ఏసన్న వేలు అక్కడే ఆగింది.

ఇంకోచోట నొక్కాడు. పెద్దసారు మళ్లీ వచ్చాడు. “గనిలో పనిచేసిన ముసలోళ్లు ఎవరన్నా ఉన్నారేమో కనుక్కో. రాయిని పగలగొట్టినోడికి తెలిసినంత, రాయి మీద నడిచినోడికి తెలియదు.”

మూడోసారి నొక్కాడు. “చెదపుట్టలు వరసలో ఉన్నాయా, చెదురుగా ఉన్నాయా? పొద్దున పూట పో. వాలుగా పడే ఎండలో బాగా కనపడతాయి.”

ఏసన్న కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మొదటి మాటకు పోయి మూడూ ఇంకోసారి చదివాడు.

“ఈ మాటలు ఎవురివి పాపా?”

“నీవే నాయనా.”

ఏసన్న ఆమె మొహంలోకి చూశాడు.

“నేను చిన్నప్పుడు నీ వెనకాల సంచి మోసుకోని తిరగలేదా?” అంది ప్రేమజ్యోతి. “ఎవురన్నా పాయింటుకు పిలిస్తే, ముందురోజు సాయంత్రమే మనిద్దరం ఆ ఊరికి పోతాంటిమి. నువ్వు బీడీకి నిప్పు అడిగే వంకతో ముసలోళ్ల దగ్గర కూర్చుని బాయిల సంగతులు లాగుతాంటివి. పొద్దున్నే పుట్టలు చూస్తాంటివి. చేనుగలాయన లేచి వచ్చేసరికి నీ లెక్క అయిపోయి ఉంటాండె. మా పిల్లలకు పుస్తకంలోవి అన్నీ వచ్చు నాయనా. ఆ పని చేసేవాడు ఎట్ల ఆలోచిస్తాడో రాదు. అది రావాలంటే పనిలో దింపల్ల. నిజం బోర్ల మీద దింపితే రైతు కొంప మునుగుతాది. అందుకని ఆటలో దింపినా. తప్పు చేసినా ఎండిపోయేది కంప్యూటర్లో చేనే. ఆట తయారుచేసేటప్పుడు మా అరుణ్ కుమార్ సారు, పై ఆఫీసరుగా ఎవురి మాదిరి మనిషిని పెడదాం మేడం అని అడిగినాడు. నాకు తెలిసిన పెద్ద ఇంజనీరు ఒకరే అని చెప్పినా.”

ముసలాయన దగ్గాడు. ఆయనకు సంతోషం వేసినప్పుడూ దగ్గే, ఏడుపు వచ్చినప్పుడూ దగ్గే. ఇది ఏదో ప్రేమజ్యోతికి తెలుసు. ఆమె గుండె కూడా నిండిపోయింది. తొంభై మంది పిల్లలు ఏడాదిగా తన తండ్రి చేత చీవాట్లు తింటూ పని నేర్చుకుంటున్నారు. ఈ మాట ఆయనకు ఎప్పుడు చెప్పాలా అని ఆమె కాచుకొని ఉంది. ఇలాంటి రోజు చెప్పాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

“అన్నీ పెట్టినావు,” అన్నాడు ఏసన్న చివరికి. “మరి టెంకాయ యాడ?”

“పెట్టలే.”

“యాల?”

ప్రేమజ్యోతి తల్లివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “అది నీకు ఏనాడూ ఏమీ చెప్పలే గదా నాయనా. నువ్వు అనుకున్న తావుకు వచ్చినాకే అది లేస్తాండె. నాకు పదేండ్లప్పుడే తెలుసు.”

విశ్వాసమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

“ఏమయ్యా?”

ఏసన్న నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

“ఏమయ్యా, నిన్నే! పాప చెప్పేది నిజమేనా?”

“నాకు ఇరవై నాలుగేండ్లు అప్పుడు,” అన్నాడు ఏసన్న మెల్లగా. “నాపరాయి గనిలో పని. గోడలో ఊట యాడ కారుతాదో నాకు తెలుసు. శ్రీనివాసులు నాయన పెద్దరెడ్డి బోరేస్తాంటే దగ్గరికి పోయి, ఈడ కాదు సామీ, ఆ పక్కన నీళ్లుండాయి అని చెప్పినా. రాళ్లు కొట్టేవానికి నీళ్ల సంగతి యాడ తెలుసురా అని నగినాడు. ఆయన చెప్పిన తావులోనే వేసినారు. దుమ్ము లేసింది. మర్సనాడు నేను టెంకాయ పట్టుకోని పోయినా. అదే చేను. నేను ముందు చెప్పిన తావులోనే టెంకాయ నిలబెట్టినా. పెద్దరెడ్డి దండం పెట్టి బోరు దింపినాడు. రెండించుల నీళ్లు పడినాయి.”

అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

“అదే నోరు. అదే మాట. అదే తావు. టెంకాయ ఒకటే ఎక్కువ. ఆ పొద్దు నుంచి దాన్ని ఇడ్సలేదు.”

విశ్వాసమ్మ లేచింది. “అయితే నలభై ఏండ్లు నేను దేవున్ని మొక్కింది నీ దొంగ టెంకాయ కోసమా?” అంది. మూతపెట్టిన సంగటి తట్ట తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే ఆకలి గుర్తొచ్చి ఏసన్న తట్ట కోసం చెయ్యి చాపాడు. తట్ట లేదు.

ప్రేమజ్యోతే లేచి వడ్డించింది. మూడు పూటల ఆకలినీ ఆయన ఊరిబిండి పచ్చడితో కలిపి లాగించాక, ఆమె మనసులో మెదులుతున్నది అడిగేసింది. “ఇన్ని కారణాలు నీ దగ్గర పెట్టుకోని, నిన్న శిల్పకు ఒక్కటన్నా చెప్పి ఉండొచ్చు గదా నాయనా?”

ఏసన్న చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “సోమవారం చెప్తా,” అని, కట్టె తీసుకొని గని దారి పట్టాడు.

*

ఆదివారం గుడిలో విశ్వాసమ్మ అందరికంటే గట్టిగా పాడింది. మగవాళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటికి వచ్చాక మొగుడితో మాటలు కూతురి మీదుగా నడిపింది. “మీ నాయనకు చెప్పు, కాఫీ పెట్టినా.” “మీ అమ్మకు చెప్పు, చక్కెర తక్కువైంది.” “తక్కువైతే టెంకాయను అడిగి వేసుకోమను.”

ప్రేమజ్యోతికి మాత్రం భయం పట్టుకుంది. రేపు నలుగురి ముందు నాయన అసలు సంగతి చెబితే, నలభై ఏళ్లు మమ్మల్ని మోసం చేశాడని ఇరవై ఊళ్లూ అంటాయి. చెప్పకపోతే, కారణం తెలియని మనిషని అంటాయి. ఎటు చూసినా పోయేది ఆయన పేరే. ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి కూడా ఆ పేరొక్కటే.

“శిల్పకు ఫోన్ చేస్తా నాయనా. ఆ ప్రశ్న ఇడ్సిపెట్టమంటా. నా మాట వింటాది,” అంది సాయంత్రం.

ఏసన్నకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. “ఏందీ? అడగొద్దని చెప్తావా? చదువు చెప్పే అయ్యవారివి నువ్వు! అట్ల చెప్పేదానికైతే కాలేజీకి తాళం వేసి ఇంటికి రా. ఆ పిల్ల అడిగింది తప్పు కాదు. నాకు నోరు రానిది నా తప్పు.”

ప్రేమజ్యోతి ఫోను పక్కన పెట్టేసింది.

*

సోమవారం ఎనిమిదింటికే శ్రీనివాసులు చేన్లో బోరు బండి నిలబడి ఉంది. దాని యజమాని మహానంది టైరు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. గెనిమ పొడవునా జనం. శిల్ప నోటుబుక్కు గుండెకు హత్తుకొని నిలబడింది. ప్రేమజ్యోతిని చూసి తల దించుకుంది. ప్రేమజ్యోతి దగ్గరికి పోయి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసింది. విశ్వాసమ్మ కూడా వచ్చింది. మొగుడికి ఇరవై అడుగుల దూరం పాటిస్తూ వచ్చింది.

“టెంకాయ యాడ ఏసన్నా?” అన్నాడు శ్రీనివాసులు.

“తేలేదు రెడ్డీ.”

“మరి?”

“నోటితో చెప్తా.”

ఏసన్న తువ్వాలు నడుముకు చుట్టుకొని, కట్టెతో తూర్పు చూపించాడు. పాత నాపరాయి గని. దాని పడమటి గోడలో ఒక పగులు నుంచి ఏ ఎండాకాలమైనా చెమ్మ కారుతూనే ఉంటుంది. తర్వాత పడమర చూపించాడు. గుడి బావి. పోయిన కరువులో అన్ని బావుల కంటే ఆఖరున ఎండింది అదే. ఆ రెంటి మధ్యన ఈత పొదలు, చెదపుట్టలు ఒక వరసలో ఉన్నాయి. “రాయిలో పగులు ఆ గీత మీద పోతాండాది. మన నాపరాయిలో నీళ్లు చేనంతా పరుచుకోని ఉండవు. పగులు పట్టుకోని పోతాయి. దాన్ని పట్టుకుంటే నీళ్లు, తప్పితే దుమ్ము.”

శిల్ప పెన్ను తీసింది.

“గుడి బాయి ఆఖరున ఎండింది మీరు చూసినారా, ఎవరన్నా చెప్పగా విన్నారా తాతా?”

“చూసినా. అడుగున ఉండే బురద నీళ్లు తోడింది నేనే.”

“గనిలో చెమ్మ ఇప్పుడు కూడా ఉందా?”

“మొన్న సాయంత్రం పోయి గోడకు చెయ్యి పెట్టి చూసినా. ఉండాది.”

“పల్లంలో కొత్త గని తవ్వుతున్నారు కదా తాతా. వాళ్లు మోటార్లతో నీళ్లు తోడేస్తున్నారు. ఈ పగులులో నీళ్లు తగ్గవా?”

ఏసన్న కట్టె దించాడు. నలభై ఏళ్లలో ఇలాంటి ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు. ఆ పిల్లను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తన పని తెలిసిన మనిషి ఇంకొకరు ఎదురైతే పనివాడి మొహంలో వచ్చే వెలుగు ఆయన మొహంలోకి వచ్చింది.

“తగ్గుతాదమ్మా. ఆ సంగతి నేను అనుకోలే,” అన్నాడు ఒప్పేసుకుంటూ. “అయినా గని పల్లంలో ఉండాది. నీళ్లు మనల్ని దాటుకోనే ఆడికి పోవల్ల. ఇంకో యాభై అడుగులు లోతుకు లెక్కేసుకో. బాగా అడిగినావు.”

ప్రేమజ్యోతి ఒళ్లు పులకరించింది. ఒకరు తన తండ్రి, ఇంకొకరు తన విద్యార్థి. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుకుంటున్నారు. ఎండలో నిలబడి ఆమె సిగ్గు లేకుండా గర్వపడింది.

శిల్ప నోటుబుక్కులోకి చూసింది. శుక్రవారం నాటి మడమ గుర్తు వైపు చూసింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. అడగాలా వద్దా అని మేడం వైపు చూసింది. ప్రేమజ్యోతికి అర్థం కాలేదు, అయినా తలూపింది.

“తాతా, మీరు చెప్పిన గీత ఈ గుర్తు మీద పోదు.”

“పోదు,” అన్నాడు ఏసన్న.

“ముప్పై అంగలు అవతల పోతుంది. ఆ గెనిమ దాటి.”

“అవును. నా చేన్లో.”

అందరూ ఒక్కసారి ఆ గెనిమ అవతలికి చూశారు. ఏసన్నకున్న అరెకరం అది. రాళ్లు, తంగేడు చెట్లు తప్ప ఏమీ లేని బీడు.

“శుక్రవారం నువ్వు ఎందుకని అడిగితే నాకు నోరు రాలే. ఎందుకు రాలేదంటే, ఆ గుర్తుకు కారణం లేదు తల్లీ,” అన్నాడు ఏసన్న. “నీళ్లు నా చేన్లో ఉండాయని నేనే చెప్తే నమ్మేదెవురు? బోరు నా చేన్లో వేయించుకునేదానికి ఆడిన నాటకం అంటారు. అందుకని ముప్పై అంగలు మీ పక్కకు జరిపి మడమ గుర్తు పెట్టినా. పడితే మీ అదృష్టం, లేకుంటే లేదనుకున్నా. తెలిసి తెలిసి తప్పు పాయింటు పెట్టింది నా బతుకులో ఇదొకటే. రెండు దినాలు అన్నం దిగలే.”

“మరి టెంకాయ లేసి నిలబడె గదా!” అన్నాడు శ్రీనివాసులు.

“నేను నిలబెట్టినా, నిలబడింది. ఇన్నాళ్లూ అంతే రెడ్డీ.”

గెనిమ మీద కలకలం రేగింది. శ్రీనివాసులు మొహం ఎర్రబడింది. “మా నాయన కాలం నుంచి నమ్మితిమి నిన్ను! కండ్లకు అద్దుకుంటిమి ఆ టెంకాయను!”

“మీ నాయనకు మొదట నోటితోనే చెప్పినా. నమ్మలే. ఎండిపోయిన ఆ బోరు గుంత నీకు గురుతుండల్ల, చిన్నప్పుడు దాంట్లో రాళ్లేసి ఆడుకుంటాంటివి.”

శ్రీనివాసులు చూపు ఆ పాత గుంత వైపు పోయింది. గుర్తున్నట్టే ఉంది.

“ఒకమాట చెప్తా ఏసన్నా,” అన్నాడు. “ఈ పొద్దు నువ్వు టెంకాయ తెచ్చి నీ చేన్లో నిలబెట్టింటే, నేను కిక్కురుమనకుండా నమ్మిందును.”

“తెలుసు. అందుకే తేలే.”

ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుంది. దొంగ అని అన్నా సరే, మోసగాడని అన్నా సరే, తన మాట తన నోటితోనే నిలబడాలని నాయన ఈ చేన్లోకి ఒట్టి చేతులతో వచ్చాడు. ఇంత పెద్ద మనిషికి కూతురిగా పుట్టడం కంటే ఇంకేం కావాలి అనిపించింది ఆమెకు.

శ్రీనివాసులు కూతురి వైపు తిరిగాడు. “నువ్వేమంటావు పాపా? వేలు పోసి వేసేది నేను. ఆట కాదు ఇది.”

“నాదీ అదే పాయింటు నాయనా,” అంది శిల్ప. “నిన్న మధ్యాహ్నం ఒక్కదాన్నే తిరిగి గుర్తులు పెట్టుకున్నా. గీత తాత చేన్లోకే పోయింది. నేనే తప్పు చేసినానేమో అని నాలుగుసార్లు చూసుకున్నా.”

శ్రీనివాసులు బీడు వైపు చాలాసేపు చూశాడు. ఎండిపోతున్న తన చీనీ బత్తాయి చెట్ల వైపు చూశాడు.

“మహానందీ, బండి ఆ పక్కకు తిప్పు,” అన్నాడు. మహానంది టీ గ్లాసు పారేసి బండెక్కాడు. “ఖర్చు నాది ఏసన్నా. చేను నీది. నీళ్లు పడితే మాత్రం అవి ఎవురివి? అది ఇప్పుడే, వీళ్లందరి ముందరే తేల్చు.”

ప్రేమజ్యోతి ఉలిక్కిపడింది. ఏడాది పాటు కూర్చొని చేసిన ఆటలో వందల ప్రశ్నలు పెట్టింది. పెద్దసారు చేత ఎన్నో అడిగించింది. పడిన నీళ్లు ఎవరివి అనే ప్రశ్న అందులో లేదు. ఉరుకుందు చేన్లో నీళ్లు పడగానే ఆట అయిపోతుంది.

“నన్నడిగితే ఎట్ల రెడ్డీ?” అన్నాడు ఏసన్న తల గోక్కుంటూ. “సర్కారోళ్లు పట్టా ఇచ్చింది ఆమె పేరు మీద.”

జనమంతా వెనక్కి తిరిగారు.

రెండు రోజులుగా మొగుడితో మాట్లాడని విశ్వాసమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది. బండి ముందు చక్రం అప్పటికే గెనిమ ఎక్కుతోంది. ఆమె గబగబా నడిచి వెళ్లి దానికి ఎదురుగా నిలబడింది. మహానంది బ్రేకు తొక్కాడు.

“ఈ చేను నాది,” అంది విశ్వాసమ్మ, రెడ్డి వైపూ మొగుడి వైపూ మార్చి మార్చి చూస్తూ. “టెంకాయ సంగతీ నాకు చెప్పలే. బండి సంగతీ చెప్పలే. ఇప్పటిదాకా నన్ను ఎవురన్నా ఒక్కమాట అడిగినారా?”

అందరికంటే ముందు మహానందే ఇంజను ఆపేశాడు.